సత్రం ఎవరిది? విలియమ్స్‌బర్గ్ నుంచి కొన్ని ప్రశ్నలు

ఏ ఊరి చరిత్ర రాసినా నలుగురూ కూడే చోటు గురించి ఒక అధ్యాయం తప్పకుండా ఉంటుంది. రచ్చబండ కావచ్చు, సత్రం కావచ్చు, కాఫీ హోటలు కావచ్చు. ఊరికి అదే గుండెకాయ అనీ, ఊరంతా అక్కడే కూడేదనీ రాస్తారు. ఆ ‘ఊరంతా’ అనే మాట దగ్గర మనం ఆగాలి. అందులో స్త్రీలు ఉన్నారా? ఉంటే కూర్చున్నారా, నిలబడ్డారా? వాళ్ళు మాట్లాడారా, మాట్లాడేవాళ్ళకు వడ్డించారా? ఈ ప్రశ్నలు వేయకుండా రాసిన ఊరి చరిత్ర, ఊళ్ళో కొందరు మగవాళ్ళ చరిత్రగానే మిగిలిపోతుంది.

ఇందుకు ఉదాహరణగా అమెరికాలో బ్రిటిష్ వలస పాలన నాటి ఒక సత్రాన్ని తీసుకుంటున్నాను. అంత దూరం ఎందుకు పోవాలని ఎవరైనా అడగవచ్చు. ఆధునిక ప్రజాస్వామ్యం గురించీ, పౌరహక్కుల గురించీ మనం చదువుకున్న పాఠాల్లో ఒక ముఖ్యమైన భాగం అలాంటి గదుల్లోనే రూపుదిద్దుకుంది. హక్కుల భాష పుట్టిన చోటే ఎవరికి హక్కులు లేవో తెలుసుకోవడం హక్కుల కోసం పనిచేసే మనకు అవసరం.

వాళ్ళు ‘టావెర్న్’ అనేది మన సత్రం లాంటిది కాదు. మన సత్రాలు చాలావరకు పుణ్యం కోసం కట్టించినవి. టావెర్న్ పూర్తిగా వ్యాపారం. పూటకూళ్ల ఇల్లు, సారా దుకాణం, లాడ్జి మూడూ ఒకే కప్పు కింద ఉన్నాయనుకుంటే దానికి దగ్గరగా ఉంటుంది. వర్జీనియా చట్టాలు దాన్ని ‘ఆర్డినరీ’ అన్నాయి. ఈ వ్యాసంలో వీలు కోసం సత్రం అనే అంటాను. ఆనాటి ప్రభుత్వాలు సత్రాన్ని ఎంత అవసరమనుకున్నాయంటే, మసాచుసెట్స్‌లో 1656లో ప్రతి ఊరూ ఒక సత్రాన్ని నడపాల్సిందేననీ, లేకపోతే జరిమానా కట్టాలనీ నిర్ణయించారు. వర్జీనియాలో సత్రం నడపాలంటే కౌంటీ కోర్టు లైసెన్సు ఇవ్వాలి. భోజనానికీ, పడకకీ, మద్యానికీ, గుర్రపు దాణాకీ ధరలు కూడా కోర్టే నిర్ణయించేది. అంటే ఇది ఎవరో తోచి తెరిచిన కొట్టు కాదు, రాజ్యం కనుసన్నల్లో నడిచిన వ్యవస్థ.

విలియమ్స్‌బర్గ్ 1699 నుంచి 1780 దాకా వర్జీనియాకు రాజధాని. చిన్న ఊరు. 1775 నాటికి జనాభా సుమారు 2000. అందులో సగానికి పైగా నల్లవాళ్ళు, వాళ్ళలో దాదాపు అందరూ బానిసలు. ఊరి ప్రధాన వీధిలో శాసనసభ భవనానికి దగ్గరగా రాలీ టావెర్న్ ఉండేది. 1717 ప్రాంతంలో మొదలైన ఈ సత్రానికి ఇంగ్లండు ప్రభువు వాల్టర్ రాలీ పేరు పెట్టారు. గుమ్మం మీద ఆయన సీసపు విగ్రహం ఉండేది. లోపల అపోలో గది అనే పెద్ద హాలు. ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ జనరల్ కోర్టు కూడినప్పుడు ఊరు కిక్కిరిసిపోయేది. ముక్కూ మొహం తెలియని మగవాళ్ళు ఒకే మంచం మీద పడుకోవడం ఆ కాలపు సత్రాల్లో మామూలు విషయం.

ఊరి జీవితమంతా ఆ గదుల గుండా ప్రవహించింది. భూముల బేరాలు, పొగాకు లెక్కలు, అప్పుల తీర్మానాలు అక్కడే జరిగేవి. జూదం, విందులు, నృత్యాలు కూడా అక్కడే. పత్రికలో వచ్చిన వార్త మీద వాదోపవాదాలు చేసేవారు. 1769 మేలో బ్రిటిష్ పన్నులను ఎదిరించినందుకు గవర్నరు శాసనసభను రద్దు చేస్తే, సభ్యులు నేరుగా రాలీ సత్రానికి నడిచి వెళ్ళారు. మే 18న అక్కడే బ్రిటిష్ సరుకుల బహిష్కరణ ఒప్పందం మీద సంతకాలు చేశారు. జార్జ్ వాషింగ్టన్, థామస్ జెఫర్సన్, పాట్రిక్ హెన్రీ వాళ్ళలో ఉన్నారు. 1774 మేలో సభ మళ్ళీ రద్దయినప్పుడు 89 మంది మళ్ళీ ఇక్కడే కలుసుకుని, వలస రాజ్యాలన్నీ కలిసి ఒక కాంగ్రెసుగా సమావేశం కావాలని పిలుపిచ్చారు. ప్రభుత్వం తలుపులు మూస్తే సత్రం తలుపులు తెరిచింది. అమెరికా పాఠ్యపుస్తకాల్లో ఈ ఘట్టాన్ని గర్వంగా చెప్పుకుంటారు. అందులో అబద్ధం లేదు, కానీ అది సగమే.

ఆ సత్రంలో ఎవరు కూర్చోవచ్చు? బానిసలకూ, ఒప్పందపు సేవకులకూ యజమాని అనుమతి లేకుండా మద్యం అమ్మకూడదని చట్టాలు చెప్పాయి. గౌరవ కుటుంబాల తెల్ల స్త్రీలకు చట్టం అడ్డం రాలేదు, మర్యాద అడ్డం వచ్చింది. వాళ్ళు ప్రయాణంలో బస చేయవచ్చు, నృత్యాల రాత్రి అపోలో గదికి రావచ్చు. 1763లో యువకుడైన జెఫర్సన్ ఆ గదిలో తాను ప్రేమించిన అమ్మాయితో నాట్యమాడిన సంగతి స్నేహితుడికి ఉత్తరం రాశాడు. అదే గదిలో రాజకీయం మాట్లాడేటప్పుడు ఆ అమ్మాయికి కుర్చీ లేదు. నాట్యానికి జోడీగా వచ్చే హక్కూ చర్చకు పౌరురాలిగా వచ్చే హక్కూ ఒకటి కాదు. వర్జీనియా చట్టం ఈ తేడాను దాచనూ లేదు. విలియమ్స్‌బర్గ్‌ను రాజధానిగా నిర్ణయించిన ఆ 1699లోనే, పెళ్ళైనా కాకపోయినా, సొంత భూమి ఉన్నా సరే ఏ స్త్రీకీ ఓటు లేదని అక్కడి శాసనసభ చట్టం చేసింది.

అయితే మరి ఆ ఊళ్ళోనే స్త్రీలు సత్రాలు నడిపారు కదా? అవును, నడిపారు. ఇది చెప్పి చాలామంది చరిత్రకారులు తృప్తి పడతారు. ఆనాటి స్త్రీలు ‘వ్యాపారవేత్తలు’ కూడా అని మెచ్చుకుంటారు. ఈ మెప్పును కాస్త విప్పి చూడాలి.

ఆంగ్ల న్యాయంలో ‘కవర్చర్’ అనే సూత్రం ఉంది. పెళ్ళితో స్త్రీ న్యాయపరమైన ఉనికి భర్త ఉనికిలో కలిసిపోతుంది. ఆమె సొంతంగా ఒప్పందం చేసుకోలేదు, దావా వేయలేదు, ఆమె సంపాదన కూడా భర్తదే. భర్త పోతేనే ఆమె చట్టం దృష్టిలో మళ్ళీ మనిషి అవుతుంది. అంటే స్త్రీకి ఆర్థిక స్వేచ్ఛ భర్త మరణంతో వచ్చే వారసత్వం. విధవలకు సత్రం లైసెన్సు ఇవ్వడంలో అధికారుల ఆలోచన కూడా తేటతెల్లమే. ఆమెకో బతుకుతెరువు దొరికితే ఆమెనూ పిల్లలనూ పోషించే భారం ఊరి మీద పడదు. ఆ లైసెన్సు వెనక ఉన్నది హక్కు అనే భావన కాదు, ఖర్చు తగ్గించుకునే లెక్క.

క్రిస్టియానా క్యాంప్‌బెల్ జీవితం చూడండి. ఆమె తండ్రి విలియమ్స్‌బర్గ్‌లో సత్రం నడిపాడు. భర్త వేరే ఊళ్ళో మందుల వ్యాపారి, 1752లో చనిపోయాడు. ఇద్దరు కూతుళ్ళతో ఆమె పుట్టిన ఊరికి తిరిగివచ్చి, చిన్ననాటి నుంచి చూసిన పనినే జీవనాధారం చేసుకుంది. ఆమె ఇంట భోజనం చేసినట్టు వాషింగ్టన్ తన దినచర్యలో పదేపదే రాసుకున్నాడు. జేన్ వోబ్ అనే మరో స్త్రీ చాలా ఏళ్ళు సత్రం నడిపి, 1772 నుంచి కింగ్స్ ఆర్మ్స్ సత్రాన్ని నిర్వహించింది. ఇద్దరూ సమర్థులే. అప్పులు వసూలు చేశారు, సరుకులు తెప్పించారు, తాగి రభస చేసేవాళ్ళను అదుపులో పెట్టారు. శాసనసభ్యులు వాళ్ళ బల్లల దగ్గర కూర్చుని ప్రాతినిధ్యం లేకుండా పన్నేమిటని ఆవేశపడ్డారు. ఆ బల్లల యజమానురాళ్ళూ పన్ను కట్టారు, వాళ్ళకూ ప్రాతినిధ్యం లేదు. ఈ సంగతి ఆ ఆవేశంలో ఎవరి నోటా వచ్చినట్టు లేదు.

విధవకు దక్కిన ఆ కొద్దిపాటి ఆస్తి కూడా ఎంత తేలిగ్గా చేతులు మారేదో హెన్రీ వెదర్‌బర్న్ కథ చెబుతుంది. ఇతను 1731లో రాలీ సత్రం నడిపిన వ్యక్తి భార్యను, ఆమె విధవ అయ్యాక పెళ్ళాడాడు. ఆమె 1751లో చనిపోతే, ఏడాది తిరక్కుండా మరో సత్రం యజమాని భార్యగా ఉండి విధవ అయిన స్త్రీని చేసుకున్నాడు. ఆ రెండో భార్య తండ్రి కూడా సత్రం యజమానే. ఊళ్ళో పేరున్న సత్రం యజమానిగా వెదర్‌బర్న్ చరిత్రకెక్కాడు, అతని పేరుతో భవనం ఇప్పటికీ ఉంది. కానీ వృత్తి, నైపుణ్యం, ఖాతాదారులు, ఆస్తి స్త్రీల గుండా అతని దగ్గరికి చేరాయి. పెళ్ళి చేసుకున్న మరుక్షణం కవర్చర్ తన పని చేసింది.

మన పాఠకులకు ఇక్కడ పూటకూళ్లమ్మ గుర్తుకు రావాలి. గురజాడ ‘కన్యాశుల్కం’లో ఆమె విధవ. సొంత పేరు కూడా లేకుండా చేసే పనితోనే పిలవబడుతుంది. అన్నం పెట్టి బతుకుతుంది, ఆమె అన్నం తిన్నవాడే ఆమెను మోసం చేస్తాడు. విధవ బయటికొచ్చి చేయగలిగిన కొద్ది పనుల్లో నలుగురికీ వండి పెట్టడం ఒకటి కావడం విలియమ్స్‌బర్గ్‌లోనూ విజయనగరంలోనూ కనిపిస్తుంది. ఇల్లాలి పనికే ధర కట్టి వీధి గుమ్మంలో పెడితే అది సత్రం. పని మారలేదు, గుమ్మం మాత్రం తెరుచుకుంది. తెరిచిన గుమ్మంతో పాటు నిందలు కూడా వచ్చాయి.

ఇంతవరకూ తెల్ల స్త్రీల గురించే చెప్పాను. ఇక్కడితో ఆగితే మనం కూడా సగం చరిత్రే రాసినవాళ్ళమవుతాం. క్యాంప్‌బెల్, వోబ్ ఇద్దరూ బానిసల యజమానురాళ్ళు. తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేసిందీ, నీళ్ళు మోసిందీ, కోళ్ళు కోసిందీ, దుప్పట్లు ఉతికిందీ, మలమూత్రాల కుండలు ఎత్తిందీ నల్ల స్త్రీలూ పురుషులూ పిల్లలూ. వెదర్‌బర్న్ 1760లో చనిపోయాక తయారైన ఆస్తి జాబితాలో కుర్చీలు, గిన్నెలు, గాజు గ్లాసులతో పాటు 12 మంది మనుషులను కూడా రాశారు. ఆ సత్రం పెరట్లో 1960ల్లో పురావస్తు పరిశోధకులు తవ్వితే చెర్రీ పళ్ళు నింపి పాతిపెట్టిన సీసాలు బయటపడ్డాయి. సీసాలు దొరికాయి, ఆ పళ్ళు నింపిన చేతుల పేరు ఆ సీసాల మీద లేదు.

బానిస స్త్రీకి సత్రం మరింత ప్రమాదకరమైన చోటు. రాత్రింబవళ్ళు పరాయి మగవాళ్ళు తాగి తిరిగే ఇంట్లో ఆమెకు తలుపు గడియ పెట్టుకునే గది లేదు. ఫిర్యాదు చేస్తే వినే కోర్టు లేదు. 1662లో వర్జీనియా చేసిన చట్టం ప్రకారం బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టి ఉంటుంది. తండ్రి ఎవరైనా సరే, బానిస స్త్రీకి పుట్టిన బిడ్డ బానిసే. మిగతా అన్నింటిలోనూ తండ్రి వంశాన్ని చూసే సమాజం ఇక్కడ మాత్రం తల్లిని చూసింది. ఎందుకంటే ఇక్కడ తల్లిని చూడటమే లాభం. ఆమె శ్రమే కాదు, ఆమె గర్భం కూడా యజమాని ఆస్తిని పెంచింది. ఆ యజమాని ఒక్కోసారి స్త్రీ కూడా కావడం మనం మింగవలసిన చేదు నిజం. పితృస్వామ్యం తనను అణచిన చోట ఒక స్త్రీ జాతి వల్ల వచ్చిన అధికారంతో మరో స్త్రీని అణచగలదు. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే రోజున జరగగలవు.

రాలీ సత్రం ముందు భూములనూ గుర్రాలనూ మనుషులనూ వేలం వేసేవారు. ఆ వేలాల ప్రకటనలు ‘వర్జీనియా గెజెట్’ పత్రికలో వచ్చేవి. 1769లో లోపల సంతకాలు చేసిన బహిష్కరణ ఒప్పందంలో, ఆ నవంబరు తర్వాత బయటి నుంచి బానిసలను దిగుమతి చేసుకోబోమన్న నిబంధన కూడా ఉంది. చాలామంది దీన్ని ఉదారత అనుకుంటారు. ఇంగ్లండు వర్తకులను దెబ్బతీయడం దాని లక్ష్యం. ఊళ్ళో ఉన్న బానిసల అమ్మకాలకు అది అడ్డం రాలేదు. గది లోపల స్వేచ్ఛ, గుమ్మం బయట వేలం. రెంటికీ మధ్య ఉన్నది నాలుగు మెట్లు మాత్రమే.

స్త్రీలు ఆ గది బయట ఊరికే ఉండిపోయారా? లేదు. బహిష్కరణ మీద సంతకాలు మగవాళ్ళు చేశారు, దాన్ని అమలు చేయాల్సింది మాత్రం ఇంట్లో. దిగుమతి బట్ట వద్దంటే నూలు ఎవరు వడకాలి? 1769 డిసెంబరులో శాసనసభ భవనంలో జరిగిన నృత్య సభకు దాదాపు 100 మంది స్త్రీలు ఇంట నేసిన బట్టలతో వచ్చారని పత్రిక రాసింది. మన ఖద్దరు ఉద్యమం తెలిసినవాళ్ళకు ఈ దృశ్యం కొత్త కాదు. ఆ బట్ట వెనక రాట్నం తిప్పిన వాళ్ళలో బానిస స్త్రీలు ఎందరో. వాళ్ళు ఆ నృత్య సభకు అతిథులుగా రాలేదు.

పొరుగున ఉన్న నార్త్ కరోలినాలో, ఈడెంటన్ అనే ఊళ్ళో 1774 అక్టోబరు 25న 51 మంది స్త్రీలు తమ పేర్లతోనే బహిష్కరణకు మద్దతుగా తీర్మానం మీద సంతకం చేశారు. మరుసటి ఏడాది లండన్‌లో దాని మీద వెటకారపు బొమ్మ అచ్చయింది. అందులో స్త్రీలను వికారంగా గీశారు. ఒక బిడ్డను పట్టించుకునే వాళ్ళు లేక నేల మీద వదిలేసినట్టు చూపించారు. వెనక ఒక నల్ల స్త్రీని నిలబెట్టారు. బయటికొచ్చి మాట్లాడిన ఆడవాళ్ళను చూసి, ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారని అడగడం రెండున్నర శతాబ్దాల పాత అలవాటన్నమాట. సత్రంలో తాగుతూ తీర్మానాలు చేసిన మగవాళ్ళను వాళ్ళ పిల్లల గురించి ఎవరూ అడగలేదు.

సత్రంలో చదువుకున్న పత్రికల్లో కూడా ఒక స్త్రీ చేయి ఉంది. విలియమ్స్‌బర్గ్‌లో క్లెమెంటీనా రిండ్ భర్త 1773లో చనిపోతే ఆమె ముద్రణాలయాన్నీ, పత్రికనూ తన చేతుల్లోకి తీసుకుంది. 1774లో ప్రభుత్వ ముద్రణ పని ఆమెకే దక్కింది. అదే ఏడాది జెఫర్సన్ రాసిన, బ్రిటిష్ అమెరికా హక్కులను వివరించే ప్రసిద్ధ కరపత్రాన్ని ఆమె అచ్చువేసింది. ఆ సెప్టెంబరులోనే చనిపోయింది. హక్కుల కరపత్రాన్ని ముద్రించిన స్త్రీకి ఆ కరపత్రం హక్కులు ఇవ్వలేదు.

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకోవాల్సింది గోవన్ పాంఫ్లెట్ గురించి. ఇతను జేన్ వోబ్ బానిస, ఆమె సత్రంలో పనిచేశాడు. స్వేచ్ఛ గురించి అక్కడ జరిగిన చర్చలు అతని చెవిన పడకుండా ఉండే అవకాశమే లేదు. ఈ మాటలు వీళ్ళకేనా అన్న ప్రశ్న అతనికి వచ్చి ఉంటుంది. అతను బాప్టిస్టు బోధకుడయ్యాడు. నల్లవాళ్ళు గుంపుగా కూడటం నేరంగా చూసిన కాలంలో రహస్యంగా సభలు నడిపాడు. ఈ సమాజం 1776 నుంచి తన చరిత్రను లెక్కించుకుంటుంది. 1790ల మొదటికి అందులో సుమారు 500 మంది ఉన్నారు. 1793లో అతనికి బానిసత్వం నుంచి విముక్తి లభించింది, ఆ ఏడాదే ఆ సమాజాన్ని ప్రాంతీయ బాప్టిస్టు సంఘం గుర్తించింది. సత్రంలో కూర్చునే వీలు లేనివాళ్ళు తమకంటూ ఒక కూడలి నిర్మించుకున్నారు. ఊరికి ‘సామాజిక కేంద్రం’ ఒక్కటే ఉంటుందన్న భావన ఎంత తప్పో ఇక్కడ తెలుస్తుంది. పైవాళ్ళ కేంద్రం ఇటుకలతో నిలుస్తుంది, కిందివాళ్ళ కేంద్రం చెట్ల నీడల్లో, వంటింటి వెనక, నూతి దగ్గర ఉంటుంది. రికార్డుల్లోకి మొదటిదే ఎక్కుతుంది.

ఆ గదిలో పుట్టిన వాగ్దానాలు స్త్రీల దాకా రావడానికి ఎంతకాలం పట్టిందో కూడా లెక్క చూద్దాం. 1776 డిసెంబరు 5న విద్యార్థుల ప్రసిద్ధ సంఘం ‘ఫై బీటా కప్పా’ రాలీ సత్రంలోనే పుట్టిందని చెబుతారు. అందులోకి మొదటిసారి స్త్రీలను తీసుకున్నది 1875లో, వర్మాంట్‌లో. అంటే 99 ఏళ్ళు. వర్జీనియాలో పెళ్ళైన స్త్రీకి సొంత ఆస్తి హక్కు 1877లో వచ్చింది. దేశం మొత్తానికి స్త్రీల ఓటు హక్కు 1920లో వస్తే, ఆ రాజ్యాంగ సవరణను వర్జీనియా శాసనసభ 1952 దాకా ఆమోదించలేదు. ఓటు పన్ను నల్ల స్త్రీలలో ఎందరికో ఆ హక్కును అందకుండా చేసింది, సుప్రీంకోర్టు రాష్ట్ర ఎన్నికల్లో ఆ పన్నును కొట్టేసింది 1966లో.

ఇక జ్ఞాపకం సంగతి. రాలీ సత్రం 1859లో కాలిపోయింది. 1920ల్లో రాక్‌ఫెల్లర్ డబ్బుతో ఊరిని పాత రూపంలో పునరుద్ధరించే పని మొదలైంది. పునాదుల మీద మళ్ళీ కట్టిన రాలీ సత్రాన్ని 1932లో సందర్శకుల కోసం తెరిచారు. క్యాంప్‌బెల్, వోబ్‌ల సత్రాలను కూడా తర్వాత కట్టి భోజనశాలలుగా తెరిచారు. కాలిపోయి 70 ఏళ్ళు దాటిన సత్రాన్ని అంత శ్రద్ధగా లేపిన ఆ సంస్థే, పాంఫ్లెట్ సమాజం వారసత్వంగా నిలిచిన నల్లవాళ్ళ చర్చి భవనాన్ని 1950ల్లో కొని కూల్చేసింది. ఆ చోటు తర్వాత వాహనాలు నిలిపే స్థలమైంది. 2020లో అక్కడ తవ్వకాలు మొదలయ్యాక మొదటి చర్చి పునాది, దాని పక్కన పదుల సంఖ్యలో సమాధులు బయటపడ్డాయి. దేన్ని నిలపాలి, దేని మీద తారు పోయాలి అన్నది ఇంజనీరింగ్ నిర్ణయం కాదు, రాజకీయ నిర్ణయం.

ఈ రాజకీయాన్ని ఒక నల్ల స్త్రీ ఎదుర్కొన్న తీరు చెప్పుకోదగినది. 1994 అక్టోబరు 10న ఆ సంస్థలో పనిచేస్తున్న క్రిస్టీ కోల్‌మన్ నాయకత్వంలో, వెదర్‌బర్న్ సత్రం మెట్ల మీద బానిసల వేలాన్ని నటించి చూపారు. గర్భిణి అయిన బానిస స్త్రీ పాత్రను ఆవిడే పోషించారు. పౌరహక్కుల సంఘాలు దీన్ని వ్యతిరేకించాయి. మా బాధను వినోదం చేస్తారా అన్న వాళ్ళ ప్రశ్న న్యాయమైనదే. చూశాక అభిప్రాయం మార్చుకున్నవారు కూడా వాళ్ళలో ఉన్నారు. నా అభిప్రాయం కోల్‌మన్ వైపే. బాధను దాచిన చోట బాధితులు కూడా మాయమవుతారు. అయితే ఆ కథ చెప్పే అధికారం, చెప్పే తీరు నిర్ణయించే అధికారం ఆ బాధ వారసత్వంగా పొందినవాళ్ళ చేతిలో ఉండాలి. అది లేకుండా చేస్తే అది ప్రదర్శన మాత్రమే అవుతుంది.

దీనిలో మనకు పనికొచ్చేదేమిటి? మొదటిది, స్త్రీలు ఒక చోట కనిపించినంత మాత్రాన ఆ చోటు వాళ్ళది కాదు. ఉండటం వేరు, హక్కుతో ఉండటం వేరు. ఇవాళ మన గ్రామాల్లో ఎన్ని సమావేశాల్లో స్త్రీలు టీ కప్పులతో, సంతకాల పుస్తకాలతో కనిపిస్తారో స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారికి నేను చెప్పనక్కరలేదు.

రెండోది జీవనోపాధికి సంబంధించినది. విధవకు లైసెన్సు ఇచ్చి ఊరు తన భారం దించుకున్నట్టే, స్త్రీలకు చిన్న అప్పు ఇచ్చి సాధికారత వచ్చేసిందని ప్రకటించే ధోరణి మన దగ్గరా ఉంది. పొదుపు సంఘాలు స్త్రీలను ఇల్లు దాటించాయి, దాన్ని తక్కువ చేయను. కానీ అప్పు ఆమె పేరున, భూమి పట్టా ఆయన పేరున ఉన్నంతకాలం ఆమె స్థితి క్యాంప్‌బెల్ స్థితికి ఎంత భిన్నం? ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో హక్కు 1980ల్లోనే చట్టమైంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. కాగితం మీది హక్కు పట్టాదారు పుస్తకంలోకి ఎందుకు ఎక్కడం లేదన్నది మన పని.

మూడోది మద్యం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకుని రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం, రాజ్యానికి మద్యం మీద ఉన్న ఆసక్తిని బయటపెట్టింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం సాధించుకున్నాం. 1997లో దాన్ని ఎత్తేశారు. సత్రం మీద ముచ్చటగా రాసిన పుస్తకాల్లో కనిపించని లెక్క ఒకటుంది. అక్కడ ఖర్చైన డబ్బు ఎవరి ఇంటి నుంచి వచ్చింది? మగవాళ్ళ కూడలి ఎంత వెచ్చగా ఉందో అంత చల్లారిన పొయ్యి ఎక్కడో ఉంటుంది. ఆ ఉద్యమంలో స్త్రీలు కేవలం సీసాలు పగలగొట్టలేదు. ఊరి నడిబొడ్డున కూడే హక్కు తమదీ అని చెప్పారు. నా దృష్టిలో దాని అసలు విజయం అదే. నిషేధం పోయినా ఆ విజయం పోలేదు.

నాలుగోది చరిత్ర రాసే పద్ధతి. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలనే అడిగి ఆ చరిత్రను నమోదు చేసింది. అదే పద్ధతి మన పట్టణాలకూ కావాలి. పాత సత్రాలు, క్లబ్బులు, ట్రావెలర్స్ బంగళాలు ఇప్పుడు వారసత్వ కట్టడాలుగా గుర్తింపు పొందుతున్నాయి. ఆ ఫలకాల మీద కట్టించిన దాత పేరూ, బస చేసిన నాయకుడి పేరూ ఉంటాయి. అక్కడ వండినవాళ్ళు, ఊడ్చినవాళ్ళు, పాకీపని చేసినవాళ్ళు ఏ కులం వాళ్ళు, ఏ వాడ నుంచి వచ్చారు, లోపలి బావి నీళ్ళు తాగనిచ్చారా అన్నది ఆ ఫలకం చెప్పదు.

కాబట్టి మన సంఘాలకు ఒక ప్రతిపాదన. మీ పట్టణంలో అలాంటి కట్టడం ఒకటి ఎంచుకోండి. దాని లైసెన్సు లేదా యాజమాన్యం ఎవరి పేరున ఉండేదో రికార్డుల్లో చూడండి. అందులో కూర్చోవడానికి ఎవరికి వీలుండేదో, ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోయేవారో పెద్దవాళ్ళను అడగండి. అక్కడ పనిచేసిన కుటుంబాల స్త్రీలు ఇంకా ఉంటారు, వాళ్ళ మాటలు వాళ్ళ భాషలోనే రాసుకోండి. విలియమ్స్‌బర్గ్‌లో ఆ ప్రశ్నలు అడిగేసరికి జవాబు చెప్పగలిగిన తరం ఎప్పుడో వెళ్ళిపోయింది, మట్టిని తవ్వి అడగాల్సి వచ్చింది. మనకు ఇంకా మనుషులున్నారు. ఆలస్యం చేయవద్దు.